పిల్లి నాకి నాకి బొచ్చు పోగొట్టుకుంటుంటే: బెంగ అని తేల్చేముందు చూడాల్సినవి

హన్మకొండ నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్ళది మూడేళ్ళ ఆడ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఎండాకాలంలో వడ్డేపల్లి వైపు ఉన్న విడి ఇంటి నుంచి మూడో అంతస్తు ఫ్లాట్‌కు మారారు. వానలు మొదలయ్యాక పిల్లికి పొట్ట కింద, వెనక తొడల లోపలి వైపు బొచ్చు పలచబడింది. ఇప్పుడు అక్కడ గులాబీ రంగు చర్మం బయటపడింది. పక్కింటివాళ్ళు “ఇల్లు మారిండ్రు కదా, బెంగటిల్లింది” అంటున్నారట. ఒకచోట చూపిస్తే సూది వేశారు, నెల రోజులు బాగుంది, మళ్ళీ మొదలైంది. అత్తగారు వేపనూనె రాద్దామంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, పాపకు ఏమైనా అంటుకుంటుందా అని ఆమె భయం.

చెల్లెమ్మా, అన్నిటికన్నా ముందు ఆ వేపనూనె పక్కన పెట్టండి. అత్తగారిది మంచి ఉద్దేశమే. పశువుల పుండ్లకు వేపనూనె రాయడం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కానీ పిల్లి సంగతి వేరు. దాని ఒంటి మీద ఏది రాసినా అది నాకి మింగేస్తుంది. పైగా కొన్ని రకాల రసాయనాలను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. వేపతో చేసిన మందులు పట్టించాక పిల్లులకు చొంగ కారడం, వణుకు రావడం జరిగిన సందర్భాలున్నాయి. కర్పూరం, ఫినాయిల్, కిరోసిన్, టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. అన్నిటికన్నా ప్రమాదం కుక్కల కోసం అమ్మే మెడ మీద వేసే చుక్కల మందు. అందులో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే పిల్లికి కొన్ని గంటల్లోనే వణుకు, మూర్ఛలు వస్తాయి, ప్రాణమే పోవచ్చు. “చిన్న కుక్కపిల్లకు వేసేదే కదా, సగం వేస్తే చాలు” అని షాపులో ఎవరన్నా చెబితే వినకండి. అలాగే పిల్లి బాధపడుతోందని పారాసిటమాల్ ముక్క కూడా వేయకండి. పిల్లికి ఇంతవరకు ఇస్తే ఫర్వాలేదు అనే మోతాదు ఆ మందుకు లేదు.

ఇక అసలు విషయం. బొచ్చు ఊడిపోతోందా, పిల్లే నాకి తెంపేస్తోందా అన్నది మొదట తేల్చుకోవాలి. “నాకడం నేనెప్పుడూ చూడలేదు డాక్టర్ గారూ” అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అంటారు. చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు. పిల్లి రాత్రిపూట, మంచం కింద, బీరువా వెనక కూర్చుని నాకుతుంది. నాకుతున్నప్పుడు ఒకట్రెండు సార్లు కసిరామంటే ఇక మన కంట పడకుండా మరీ నాకుతుంది. దాని నాలుక మీద వెనక్కి వంగిన సన్నటి ముళ్ళుంటాయి. ఒకే చోట పదే పదే నాకితే వెంట్రుక మధ్యలోకి తెగిపోతుంది.

దీన్ని ఇంట్లోనే కనిపెట్టవచ్చు. పిల్లి తీరిగ్గా పడుకున్నప్పుడు బట్టతల పడినట్టున్న చోట మీ వేలిని వెంట్రుకల ఎదురు దిశలో మెల్లగా నడపండి. గడ్డం గీసుకున్న మర్నాటి గరుకు తగిలితే వెంట్రుకలు మొదళ్ళలో ఉన్నాయి, పైన తెగాయి అని అర్థం. అంటే నాకుడే. నున్నగా, మెరుస్తూ, వేలు జారిపోతుంటే, చుట్టుపక్కల వెంట్రుకలు కాస్త లాగితే కుచ్చులుగా చేతికొస్తుంటే అది వేరే రోగం, వెంటనే చూపించాలి. డాక్టరైతే నాలుగు వెంట్రుకలు తీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. కొస సన్నగా మొనదేలి ఉంటే వెంట్రుక తనంతట తాను ఊడినట్టు, మొండిగా విరిగి ఉంటే నాకినట్టు. ఖర్చు లేని పరీక్ష, అయిదు నిమిషాల పని. చేయమని మీరే అడగండి. ఇంట్లో వేరే గుర్తులు కూడా ఉంటాయి. కక్కినప్పుడు వెంట్రుకల ఉండ పడటం, మలంలో వెంట్రుకలు కనిపించడం, సోఫా మూలల్లో తడిసి ఎండిన చిన్న చిన్న బొచ్చు ముద్దలు దొరకడం. కంటికీ చెవికీ మధ్య పలచగా ఉండటం మాత్రం పిల్లులకు మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు.

మీరు చెప్పిన చోట్లు, ఎక్కువతక్కువల్లేకుండా రెండు వైపులా ఒకేలా పోవడం చూస్తే ఇది నాకుడే అని నాకు దాదాపు నమ్మకం. అయితే ఎందుకు నాకుతోంది? ఇక్కడే అందరూ “టెన్షన్” అనేస్తారు. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనేవాళ్ళు. అంతకుముందు హార్మోన్ల లోపమనుకుని హార్మోన్ మందులు ఇచ్చిన రోజులూ ఉన్నాయి. అమెరికా పశువైద్య సంఘం పత్రికలో 2006లో ఒక అధ్యయనం వచ్చింది. మానసిక కారణంతోనే బొచ్చు పీక్కుంటున్నాయని అనుకున్న 21 పిల్లులను తీసుకుని పద్ధతి ప్రకారం ఒక్కొక్క పరీక్షా చేసుకుంటూ పోయారు. చివరికి 16 పిల్లులకు ఒంట్లో రోగమే తేలింది. మూడింటికి రోగమూ ఉంది, మానసిక కారణమూ ఉంది. ఒట్టి మానసిక కారణమని తేలినవి రెండే. ఆ 21లో సగానికి పైగా పిల్లులకు తిండి పడకపోవడం ఒక కారణంగా బయటపడింది. నేను చూసినంతలో మన దగ్గర తిండి కన్నా ముందు పురుగులే ఉంటాయి, కానీ ఆ అధ్యయనం చెప్పే అసలు మాట మనకూ అంతే వర్తిస్తుంది. నాకుతున్న పిల్లికి దురదో నొప్పో ఉందనే మొదలుపెట్టాలి. అవి లేవని తేలాకే బెంగ దగ్గరికి రావాలి.

మీ విషయంలో దురద ఉందనడానికి ఒక గట్టి ఆధారం మీరే ఇచ్చారు. సూది వేస్తే నెల రోజులు తగ్గింది అన్నారు. అది చాలా వరకు స్టెరాయిడ్ సూదే అయి ఉంటుంది, నెమ్మదిగా నెల, నెలన్నర పాటు పనిచేసే రకం. స్టెరాయిడ్ దురదను తగ్గిస్తుంది, ఇల్లు మారిన బెంగను తగ్గించదు. దానికి తగ్గిందంటే చర్మంలో దురద ఉన్నట్టే. వేసిన డాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చర్మం రక్తాలు కారేలా నాకుతున్న పిల్లికి అప్పటికప్పుడు ఉపశమనం కావాలి కదా. కానీ తగ్గిన ప్రతిసారీ మానేసి, పెరిగిన ప్రతిసారీ అదే సూది వేయించుకుంటూ పోతే పిల్లికి షుగర్ రావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. ఒకవేళ ఉన్నది ఫంగస్ అయితే అది ఒళ్ళంతా పాకుతుంది. ఆ సూది పేరు, వేసిన తేదీ చీటీ మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. తర్వాత చూసే డాక్టరుకు అది తప్పకుండా కావాలి, ఎందుకంటే దాని ప్రభావం ఉన్నంతకాలం దురద ఎంత ఉందో సరిగ్గా అంచనా వేయలేం.

ఇప్పుడు పురుగుల సంగతి. నేను చెప్పేది ఫ్లీల గురించి. గోమార్లు వేరు, అవి చర్మానికి కరుచుకుని కదలకుండా ఉంటాయి, పిల్లుల మీద తక్కువ. ఫ్లీ అంటే ముదురు గోధుమ రంగులో, పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉండి, బొచ్చులో సరసరా పరుగెత్తి టక్కున గెంతే చిన్న పురుగు. “మా పిల్లి గడప దాటదు, పైగా మూడో అంతస్తు, పురుగులెక్కడివి?” అనే మాట రోజూ వింటాను. మెట్ల మీద పడుకునే వీధి కుక్కలు, కింద పార్కింగ్‌లో తిరిగే పిల్లులు ఉంటే చాలు, మన ప్యాంటు అంచు పట్టుకుని పైకొస్తాయి. మీరు దిగిన ఫ్లాట్‌లో అంతకుముందు ఉన్నవాళ్ళు కుక్కనో పిల్లినో పెంచి ఉంటే ఇంకా సులువు. ఫ్లీ పిల్లదశ దాటాక గూడు కట్టుకుని గచ్చు పగుళ్ళలో, తలుపు చట్రాల సందుల్లో నెలల తరబడి కదలకుండా ఉండగలదు. మనుషుల అడుగుల అదురు, ఒంటి వేడి తగలగానే బయటికొస్తుంది. ఖాళీగా ఉన్న ఇంట్లో దిగిన వారానికే కాళ్ళ మీద దద్దుర్లు రావడానికి కారణం ఇదే. మన వరంగల్ ఎండాకాలపు పొడి వేడిమిలో వీటి పిల్లలు బతకడం కష్టం. వానలు పడి గాలిలో తేమ చేరగానే విపరీతంగా పెరుగుతాయి. మీ పిల్లికి వానలతోనే మొదలైందన్న మాట నాకు అందుకే ముఖ్యంగా తోచింది.

మళ్ళీ చెప్పాల్సింది ఒకటుంది. పురుగు కనబడలేదంటే లేదని కాదు. ఎక్కువగా నాకే పిల్లి తన మీది పురుగులను తానే మింగేస్తుంది. కాలిఫోర్నియాలో పరిశోధకులు కొన్ని పిల్లుల మెడకు నాకకుండా అడ్డుపడే కాలర్ కట్టి, కొన్నింటిని మామూలుగా వదిలి చూశారు. ఆ ఫలితాలు 2000లో వచ్చాయి. మూడు వారాలకు కాలర్ ఉన్నవాటి మీద ఫ్లీలు రెండో జట్టు కన్నా రెట్టింపు ఉన్నాయి. అలర్జీ ఉన్న పిల్లికైతే ఒళ్ళంతా పురుగులు పట్టనక్కర్లేదు. ఫ్లీ కుట్టినప్పుడు దాని లాలాజలం చర్మంలోకి పోతుంది, పడనిది అదే. రెండు మూడు కాట్లకే రోజుల తరబడి దురద పెడుతుంది. నడుము చివర, తోక మొదలు, పొట్ట కింద, తొడల లోపల ఎక్కువ నాకుతుంది. మెడ మీద చేత్తో నిమిరితే రవ్వ లాంటి పొక్కులు చిన్నవి తగులుతాయి.

సన్న పళ్ళ దువ్వెన ఒకటి తీసుకోండి, మనం పేలు దువ్వుకునేదైనా సరే. తోక మొదలు దగ్గర, నడుము మీద, చర్మానికి ఆనించి నాలుగైదు సార్లు దువ్వండి. దువ్వెనలో వచ్చిందంతా తడిపిన తెల్ల టిష్యూ కాగితం మీద దులపండి. నల్లటి నలుసులు పడితే రెండు నిమిషాలు ఆగి చూడండి. మామూలు దుమ్మయితే నల్లగానే ఉంటుంది. ఫ్లీ మలమైతే నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకుతుంది, అది పిల్లి తాగిన రక్తమే. ఆ మరక చూశాక ఇక అనుమానం అక్కర్లేదు. తోక కింద బొచ్చుకు బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు అంటుకుని కనిపించినా ఫ్లీలు ఉన్నట్టే లెక్క, ఫ్లీని మింగితే వచ్చే బద్దె పురుగు ముక్కలవి.

దువ్వెనలో ఏమీ రాకపోయినా ముందు మూడు నెలలు ఫ్లీ మందు వేయమనే నేను చెబుతాను. పిల్లుల కోసమే తయారైన చుక్కల మందు, సెలామెక్టిన్ గానీ ఫిప్రోనిల్ గానీ, డాక్టరు బరువు చూసి చెప్పిన మోతాదులో, నెలకోసారి, మెడ వెనక నాలుకకు అందని చోట, బొచ్చు పాయ తీసి చర్మం మీదే వేయాలి. ఒక్కసారి వేసి ఆపేస్తే ప్రయోజనం లేదు. ఆడ ఫ్లీ రోజుకు 40, 50 గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లన్నీ రాలి ఇంట్లోనే ఉంటాయి. అందుకే ఇంట్లో వేరే పిల్లి, కుక్క ఉంటే వాటికీ వాటి మందు వేయాలి. పిల్లి పడుకునే బొంత, దుప్పటి, కాలితుడుపులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. దివాన్ కింద, మంచం కోళ్ళ దగ్గర, గోడ అంచుల వెంట రోజూ గట్టిగా ఊడ్చి ఆ చెత్త బయట పారేయండి. బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీస్ పిల్లి తిరిగే చోట వాడకండి, వాటిల్లో ఉండేది కూడా చాలావరకు పర్మెత్రిన్ జాతి మందే.

తర్వాతి అనుమానం తిండి. మీరు చికెన్ అన్నం, పాలన్నం పెడుతున్నామన్నారు. “చిన్నప్పటి నుంచి తింటోంది, ఇప్పుడెందుకు పడదు?” అని మీకు అనిపించవచ్చు. అలర్జీ వచ్చేది రోజూ తినే వాటికే. ఏళ్ళ తరబడి తిన్నాక ఒకనాడు ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. పిల్లుల్లో ఎక్కువగా పడనివి గొడ్డు మాంసం, చేప, చికెన్. దీన్ని కనిపెట్టడానికి నమ్మదగ్గ రక్త పరీక్ష లేదు. ఎవరైనా వేలు తీసుకుని చేస్తామన్నా తొందరపడకండి. దారి ఒక్కటే, పిల్లి ఎప్పుడూ తినని మాంసం ఒకటి ఎంచుకుని ఎనిమిది వారాలు అది తప్ప ఇంకేమీ పెట్టకపోవడం. లేదా ప్రొటీన్‌ను ముక్కలు చేసి తయారుచేసిన హైడ్రొలైజ్డ్ ఆహారం డాక్టరు రాసిస్తారు, అది ఖరీదు ఎక్కువ. మీ పిల్లి మటన్ ఎప్పుడూ రుచి చూడకపోతే మేక మాంసం మనకు సులువు. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఒట్టి నీళ్ళలో ఉడికించాలి. కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం పనికిరాదు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ రెండూ పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. ఒట్టి మాంసం మీద నెలల తరబడి ఉంచితే కాల్షియం, టారిన్ (పిల్లికి తిండిలోంచే అందాల్సిన ఒక పోషకం) తక్కువై గుండె, కళ్ళు దెబ్బతింటాయి. కాబట్టి ఏమేం కలపాలో డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి.

ఈ ఎనిమిది వారాలు చాలా ఇళ్ళలో ఎక్కడ చెడిపోతాయో చెబుతాను. పాప గిన్నెలో మిగిలిన పాలన్నం. పక్కింటివాళ్ళు ప్రేమగా పెట్టే చేప ముల్లు. చేప బొమ్మ వేసి అమ్మే ప్యాకెట్, వెనక చిన్న అక్షరాలు చదివితే అందులో చికెన్ ఉంటుంది. చికెన్ వాసన కలిపిన నట్టల మాత్ర. ఒక్కసారి పెట్టినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఇంట్లో అందరితో, ముఖ్యంగా అత్తగారితో, కూర్చుని మాట్లాడి మొదలుపెట్టండి. ఎనిమిది వారాలకు నాకుడు తగ్గితే పాత చికెన్ అన్నం మళ్ళీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు మళ్ళీ నాకడం మొదలైతే దోషి దొరికినట్టే. కొత్త తిండి ముట్టకపోతే “ఆకలేస్తే అదే తింటుంది” అని మొండిగా ఆపకండి. పిల్లి రెండు రోజులు తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది, లావు పిల్లులకు మరీను. పాతదానిలో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ వారం రోజుల్లో మార్చండి, ఎనిమిది వారాల లెక్క ఆ తర్వాత మొదలు.

పురుగూ కాదు, తిండీ కాదు అని తేలితే దుమ్ములోని నలుసు పురుగులు, పుప్పొడి లాంటి గాలి అలర్జీ అనుకోవాలి. దీనికి వేరే పరీక్ష వెతుక్కునే పని లేదు, మిగతావి తీసేశాక మిగిలేది ఇదే. సరైన మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు, అలర్జీని అణిచే సైక్లోస్పోరిన్ లాంటివి డాక్టరు చూసుకుంటూ ఇస్తారు. చర్మంలో దాక్కునే కంటికి కనపడని గజ్జి పురుగులు కూడా కొన్ని రకాలున్నాయి. చర్మం గీరి, సెల్లోటేపు అంటించి తీసి మైక్రోస్కోప్‌లో చూస్తే దొరుకుతాయి. ఇవి ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి అంటుకుంటాయి.

నొప్పిని మాత్రం మర్చిపోకండి, పొట్ట కింది భాగమే నాకే పిల్లి విషయంలో నాకు ఎప్పుడూ ఈ అనుమానం ఉంటుంది. మూత్రాశయం వాచి మంటగా ఉంటే పిల్లి ఆ మంట ఉన్న చోటికి సూటిగా పైనున్న చర్మాన్ని నాకుతుంది. ఇసుక డబ్బాలోకి ఎన్నిసార్లు పోతోంది, పోయినప్పుడు ఎంతసేపు కూర్చుంటోంది, డబ్బా వదిలి బాత్రూం గచ్చు మీద, బట్టల మీద పోస్తోందా, రంగు ఎర్రగా ఉందా, రెండు రోజులు గమనించి రాసుకోండి. ఇల్లు మారడం లాంటి ఒత్తిడి మూత్రాశయ వాపును రేపుతుందని బాగా తెలిసిన విషయమే. అంటే మీ పక్కింటివాళ్ళ మాటలో కొంత నిజం ఉండవచ్చు, కానీ అప్పుడు కూడా వైద్యం నొప్పికే ముందు. ఇది చదివే వాళ్ళలో మగ పిల్లి ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. అది డబ్బాలో ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే పొద్దున చూద్దామనుకోవద్దు. ఆ రాత్రే తీసుకుపోవాలి, మూత్రం పూర్తిగా బందైతే ఒకట్రెండు రోజుల్లో చనిపోతుంది. వయసు మళ్ళిన పిల్లి నడుము, మోకాళ్ళ మీద నాకుతుంటే కీళ్ళ నొప్పి చూడాలి. పదేళ్ళు దాటినదైతే థైరాయిడ్ కూడా. మీ పిల్లికి మూడేళ్ళే కాబట్టి వీటి మీద ఎక్కువ చెప్పను.

ఇవన్నీ అయ్యాక బెంగ. ఉంది, నిజంగానే ఉంటుంది. నాకుతుంటే పిల్లికి మనసు కుదుటపడుతుంది, అందుకే ఒత్తిడిలో ఉన్న పిల్లి ఆ పనినే పట్టుకుంటుంది. సయామీస్ లాంటి జాతుల్లో ఎక్కువ. వైద్యం జరుగుతున్నప్పుడే ఈ పక్క కూడా సరిచేసుకోవచ్చు, దీనివల్ల నష్టమేమీ లేదు. విడి ఇంట్లో దానికి గోడ ఉండేది, డాబా ఉండేది, ఎలుక వెంట పరుగు ఉండేది. ఫ్లాట్‌లో ఎక్కడానికి ఎత్తు లేదు, దాక్కోవడానికి మూల లేదు. బీరువా మీద ఒక పాత దుప్పటి పరిచి ఎక్కే దారి పెట్టండి. అట్టపెట్టెకు రెండు వైపులా కంతలు చేసి పాప చేయి అందని చోట ఉంచండి. ఇసుక డబ్బా వాషింగ్ మెషిన్ పక్కన ఉంటే అక్కణ్నుంచి తీసేయండి, మెషిన్ తిరిగినప్పుడల్లా భయపడి అది మూత్రం ఆపుకుంటుంది. బాల్కనీ అద్దంలోంచి వీధి పిల్లులు కనిపిస్తున్నాయేమో చూడండి. అలా అయితే కింది సగం కాగితం అంటించి మూసేయండి. రోజూ రెండు పూటలా పది నిమిషాలు తాడుకు గుడ్డ పేలిక కట్టి ఆడించండి, ఆట అయ్యాక తిండి పెట్టండి. నాకుతుంటే కొట్టకండి, అరవకండి. ఇంత చేసినా, అన్ని పరీక్షలూ బాగున్నా, చర్మం మీద ఏ మచ్చా లేకుండా నాకుడు మాత్రం ఆగకపోతే బెంగను తగ్గించే ఫ్లూక్సెటిన్ లాంటి మందులున్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు లేకుండా మొదలుపెట్టకూడదు.

మెడకు కట్టే ప్లాస్టిక్ కోన్ గురించి కూడా అడిగారు. పుండు పడి ఉంటే మానేదాకా కట్టండి, లేకపోతే వద్దు. కోన్ నాకుడును ఆపుతుంది గానీ దురదను ఆపదు. దురద పెడుతున్న జీవికి గోక్కునే దారి కూడా మూసేయడం నాకు మనసొప్పదు.

చూపించడానికి ఎక్కడికి పోవాలంటే, మన మండల పశువైద్యశాలల్లో ఎక్కువగా బర్రెలు, గొర్రెలు, మేకల పనే ఉంటుంది. పిల్లుల చర్మం చూసే అలవాటున్న డాక్టరును ఎంచుకోండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ పిల్లులను ఏ రోజుల్లో, ఏ టైముకు చూస్తారో ముందే కనుక్కుని పొండి. దువ్వెన నలుసులున్న టిష్యూ కాగితం, సూది చీటీ, పెట్టే తిండి జాబితా, నాకుతున్న వీడియో ఫోన్లో ఉంటే అది తీసుకుపోండి. పోయేముందు పొట్టకు స్నానం చేయించకండి, పౌడర్లు చల్లకండి. వెంట్రుక కొస చూడటం, చర్మం గీరడం, ఫంగస్ పరీక్ష, మూత్ర పరీక్ష, ఈ నాలుగూ మొదటి రోజే అయిపోతే సగం దారి వచ్చినట్టే. చర్మం పగిలి తడిగా ఎర్రటి దద్దు లేచినా, తిండి మానేసినా, బరువు తగ్గుతున్నా ఈ వరుసల కోసం ఆగకుండా వెంటనే పొండి.

కారణం దొరికి దురద తగ్గిన మూడు నాలుగు వారాలకు నూగు కనిపిస్తుంది, మునుపటిలా నిండడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుగులో ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

పాప సంగతి. తిండి అలర్జీ, మూత్రాశయ వాపు, బెంగ, ఇవేవీ అంటుకునేవి కావు. ఫ్లీలు మనుషులను కూడా కుడతాయి. పాప చీలమండల చుట్టూ గుంపుగా దద్దుర్లుంటే పిల్లికి ఫ్లీ మందు వేయడం ఇంకా తొందర చేయండి. ఫంగస్, అంటే తామర, మాత్రం పిల్లి నుంచి పిల్లలకు బాగా అంటుకుంటుంది. గుండ్రంగా బొచ్చు రాలి పైన చుండు లాంటి పొట్టు, ఎక్కువగా ముఖం, చెవులు, ముందు కాళ్ళ మీద మొదలవుతుంది. మీ పిల్లికి పొట్ట మీద ఉంది కాబట్టి అవకాశం తక్కువే గానీ, స్టెరాయిడ్ పడింది కాబట్టి నేను పరీక్ష చేయించకుండా వదలను. డాక్టరు ఒక ప్రత్యేక దీపం కింద చూస్తారు, ఆకుపచ్చగా మెరిస్తే అనుమానం బలపడుతుంది, మెరవకపోతే లేదని కాదు. వెంట్రుకల మీది ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అది వచ్చేదాకా పిల్లిని పాప మంచం మీద పడుకోనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడిగించండి. పాప చేతుల మీదో మెడ మీదో అంచు ఎర్రగా ఉన్న గుండ్రటి మచ్చ కనిపిస్తే చర్మ వైద్యుడికి చూపించి, ఇంట్లో పిల్లి ఉందని తప్పకుండా చెప్పండి.